ముందు సున్నపు బట్టీలు, తర్వాతే రెండు బావులు

ఇంటి నుంచి,
ఆదివారం, ఫిబ్రవరి 23.

గౌరవనీయులైన వదిన గారికి,

మీ మరిది నమస్కరించి రాస్తున్నాడు. ఇక్కడ అందరం బాగున్నాం. ఎప్పుడూ అలవాటు కొద్దీ రాసే మాట ఇది. ఈసారి మాత్రం ఒక్కొక్కరినీ చూసుకుని, నిజమేనని తేల్చుకుని రాస్తున్నాను. మీ మోకాలు ఎలా ఉందో, మీ మేడమీది వాళ్ళ కుక్క ఇంకా నిద్ర పోనిస్తోందో లేదో మీ ఉత్తరంలో రాయలేదు. అన్నీ ప్రశ్నలే రాశారు. వాటికి జవాబులు కింద ఇస్తాను.

ముందు అసలు సంగతి. మీ చెల్లెలు మాట్లాడింది. గురువారం సాయంత్రం, భోజనాల బల్ల దగ్గర, మేమందరం ఉండగా. మీ గురించే మాట్లాడింది.

ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటారు. చేయొచ్చు. కానీ ఫోన్ చెవిన పెట్టుకుంటే నాకు ఊఁ, ఆఁ తప్ప ఏమీ రాదని మీకు తెలుసు. పైగా చెప్పిన మరుక్షణం తనకివ్వమంటారు. ఇస్తే మీరిద్దరూ ఓ పట్టాన పెట్టరు. డాక్టరమ్మ ప్రస్తుతానికి కొంచెం కొంచెంగానే మాట్లాడమంది. అందుకని ఉత్తరం. శుక్రవారం పొద్దున మీ గుమ్మం ముందు కారు ఆగేదాకా మీరు ఫోన్ చేయకూడదని ఆర్డరు కూడా ఉంది. అది మా అమ్మాయి ఆర్డరు, నాది కాదు.

జరిగిందంతా మీకు సగం తెలుసు. అయినా మొదటి నుంచీ రాస్తాను. పాత నిల్వ వేయకుండా కొత్త రోజు పద్దు మొదలుపెట్టడం నాకు చేతకాదు. మీరు విసుక్కోకుండా చదవండి. కాగితం తిప్పేసి చివరికి వెళ్ళకండి.

ఆపరేషన్ రోజున మీరిక్కడే ఉన్నారు. గొంతులోంచి తీసిన ఆ కాయలు చెడ్డవి కావని తేలినప్పుడు ఆసుపత్రి వరండాలో మీరు బిగ్గరగా ఏడ్చేస్తే, నర్సు పరిగెత్తుకొచ్చి ఎవరికి ఏమైందని అడిగింది. ఎవరికీ ఏమీ కాలేదమ్మా, అందుకే ఏడుస్తున్నానన్నారు మీరు. ఆ మాట నాకు బాగా నచ్చింది. నాకు ఏడవడం కూడా సరిగ్గా రాదు కాబట్టి నా తరఫున కూడా మీరే ఏడ్చేశారని అనుకున్నాను.

మీరు వెళ్ళాక మొదలైంది అసలు తమాషా. పుండు మానేదాకా గుసగుస కూడా పనికిరాదన్నారు. ఇన్నేళ్ళుగా బస్టాండు మైకులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాట్లాడి, ఇంటికొచ్చి మిగతాది మాట్లాడే మనిషి నోటికి తాళం పడింది. ఇక ఇంట్లో మాట్లాడాల్సింది నేను. పాలవాడితో నేను, ఎదురింటావిడతో నేను, గ్యాస్ కంపెనీతో నేను. ఎదురింటావిడ ఒకరోజు అమ్మాయిని ఆపి, మీ నాన్నగారికి మాటలొచ్చా అమ్మా, ఇన్నాళ్ళూ మేం వేరేగా అనుకున్నాం అందట.

మీ చెల్లెలు ఒక స్టీలు చెంచా పట్టుకు తిరిగేది. ఒకసారి కొడితే అవును. రెండుసార్లు కొడితే కాదు. ఆపకుండా కొడితే ఇక నోర్మూయండి అని. పలకా బలపం కొనిచ్చాను కానీ, చెప్పాలనుకున్నది రాసేలోపు ఆ సంగతి చల్లారిపోతోందని పక్కన పడేసింది. చెంచాతోనే సంసారం నడిపింది. చివరికి మూడో రకం చప్పుడే ఎక్కువ వినిపించేది, అదీ అమ్మాయికే.

మా షాపు బస్టాండు వెనక గోడకి ఆనుకునే ఉంటుంది, మీరు చూశారు. నేను సీటు కవర్లు కుడుతూ కూర్చుంటే రోజంతా తన గొంతు గోడమీంచి వస్తూనే ఉంటుంది. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికొచ్చిందీ, ఏ ఏ ఊళ్ళ మీదుగా పోతుందీ. వరసలో ఒక్క ఊరు అటూ ఇటూ కాదు. మీ ఇద్దరికీ ఇంట్లో మాటలే ఉండవేమయ్యా అని మీరు నన్ను ఎన్నోసార్లు దెప్పారు. పగలంతా తను మాట్లాడుతుంటే నేను వింటూనే ఉంటానని మీకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఇప్పుడొచ్చింది, ఎందుకంటే ఆ గొంతు ఆగిపోయాక నాకు కుట్టు సాగలేదు. ఒక లారీ సీటుకి ఫోమ్ తిరగేసి కుట్టి, మళ్ళీ విప్పాను. నేను ఈ పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, పాత సీట్లు విప్పి చూసే నేర్చుకున్నాను. అయినా నేను కుట్టిందే నేను విప్పుకోవడం అదే మొదటిసారి.

తన బదులు టికెట్ల గుమాస్తాని మైకు ముందు కూర్చోబెట్టారు. ఆయన మంచివాడే. కానీ దుమ్ము పడదు. ఊరికీ ఊరికీ మధ్య తుమ్ముతాడు. తుమ్మాక ఎక్కడ ఆపాడో మరచిపోయి దాటిన ఊరిని మళ్ళీ చెప్తాడు, చెప్పాల్సిన ఊరిని మింగేస్తాడు. ఆయన మాట నమ్మి ఒక ముసలాయన కూతురి ఊరికని బయల్దేరి ఇంకెక్కడికో పోయి, సాయంత్రానికి తిరిగొచ్చి, బాబూ రేపు మళ్ళీ వస్తాను, రేపు కాస్త తుమ్మకుండా చెప్పు అన్నాడట. మీ చెల్లెలు నాకు మధ్యాహ్నం క్యారేజీ తెచ్చినప్పుడల్లా ఈ అనౌన్సుమెంట్లు వినాల్సి వచ్చేది. వరస తప్పినప్పుడల్లా చెంచాతో గోడమీద రెండుసార్లు కొట్టేది. గోడ అవతల ఆయనకి అది వినపడదు. వినపడితే దానికీ తుమ్మేవాడు.

ఇంతవరకూ నవ్వుకున్నాం. ఆ తర్వాతే కష్టమైంది.

ఈ నెల మొదట్లో డాక్టరమ్మ గొంతులోకి గొట్టం పెట్టి చూసి, శుభ్రంగా మానిపోయింది, ఇక మాట్లాడమ్మా అంది. ఏదీ, ఆ అను అంది. మీ చెల్లెలు నోరు తెరిచింది. అనలేదు. మళ్ళీ అడిగితే తల అడ్డంగా ఊపి నోరు మూసేసుకుంది. ఇంటికెళ్ళాక అంటుందిలే అనుకున్నాం. ఇంట్లోనూ అనలేదు. మర్నాడూ అనలేదు. అమ్మాయి బతిమాలింది, అలిగింది, అమ్మా నన్ను తిట్టైనా తిట్టు అంది. చెంచా చప్పుడు తప్ప జవాబు లేదు. నేను ఒక్కణ్ణే వెళ్ళి డాక్టరమ్మని కలిశాను. గొంతులో అడ్డమేమీ లేదండీ, తొందరపెట్టకండి, అలాగని మరీ వదిలేయకండి అంది. ఆ రెండూ ఒకేసారి ఎలా చేయాలో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు.

కారణం నాకు తెలుసు. బస్టాండు పెద్దాఫీసరు ఒకరోజు పళ్ళు పట్టుకుని ఇంటికొచ్చాడు. పాపం మంచిమాటే చెప్పాలనుకున్నాడు. పైవాళ్ళు యంత్రం పెడదామంటున్నారమ్మా, ఒకసారి రికార్డు చేసి పెడితే అదే చెప్పుకుంటూ పోతుందట, నేనే ఆపుతున్నాను, నువ్వు మార్చి మొదటి సోమవారానికల్లా నీ పాత గొంతుతో వచ్చి కూర్చో, నీ కుర్చీ నీదే అన్నాడు. ఆయన పాత గొంతు అన్నప్పుడు మీ చెల్లెలి చేతిలో చెంచా నిలిచిపోయింది. ఆ రోజు నుంచి అది కూడా సరిగ్గా కొట్టలేదు. నోరు తెరిస్తే పాత గొంతు రాకపోతే ఎలా అన్నది తన భయం. తెరవనంతకాలం ఆ సంగతి తేలదు కదా. ఇది తను నాకు చెప్పలేదు, నేను అడగలేదు. మా ఇద్దరి మధ్య ఇలాంటివి చాలా ఉన్నాయి, చెప్పకుండానే తెలిసిపోయినవి.

ఇక లోయ సంగతి.

మూడు రోజులు కారులో ఎడారి వైపు పోయి ఆ ఎర్రరాతి లోయ చూసొద్దామన్నది అమ్మాయి ఆలోచన. అది వ్యాను నడిపే బేకరీ వాళ్ళు సెలవిచ్చారు. మాట్లాడని మనిషిని పెట్టుకుని షికారేమిటే అన్నాను. అందుకే నాన్నా, అక్కడ మనిషి పురుగు ఉండదు, అమ్మ అరవాలనుకుంటే అరుచుకోవచ్చు, వద్దనుకుంటే రాళ్ళు చూసుకోవచ్చు, ఎవరూ ఎలా ఉన్నావని అడగరు అంది. అప్పటిదాకా ఊరుకున్న మీ చెల్లెలు చెంచా తీసి ఒకసారి కొట్టింది. అక్క కూడా వస్తే అని పలక మీద రాసి నాకు చూపించింది. అందుకే మీకు ఆ కార్డు రాశాను. మీరు వస్తానని జవాబిస్తూ, రెండు పేజీల ప్రశ్నలు పంపారు.

వరసగా చెప్తాను.

ముందు సీటు మీదే. దానికి వేరే మాట లేదు. పాత ఆకుపచ్చ కారే, కానీ సీట్లన్నీ విప్పి కొత్తగా కుట్టాను. మీ సీటు కింద ముందు భాగాన మెత్తటి ఫోమ్, వెనక గట్టిది పెట్టాను, మోకాలు వేలాడకుండా. మీ బరువు ఎంతో అడగడం మర్యాద కాదని అమ్మాయిని కూర్చోబెట్టి, దాని ఒళ్ళో రెండు రెగ్జీన్ చుట్టలు పెట్టి సరిచూశాను. పెద్దమ్మకి ఈ సంగతి చెప్పనా అని బెదిరిస్తోంది. అది చెప్పేలోపు నేనే చెప్పేస్తున్నాను.

బాత్‌రూములు దారిలో ఉన్నాయి. రెండు బావులు అనే ఊళ్ళో పెట్రోలు బంకు దగ్గర శుభ్రంగా ఉంటాయని బేకరీ వాళ్ళ ఇంకో డ్రైవరు చెప్పాడు. అది దాటితే ఎర్రరాతి మెట్ట మీద మనం దిగే బస దాకా ఏమీ ఉండవు. కాబట్టి రెండు బావుల దగ్గర మీకు అవసరం ఉన్నా లేకపోయినా దిగాలి.

పాములు ఈ కాలంలో బయటికి రావని బస ఆయన అన్నాడు. ఆయన గొంతులో నాకు అంత నమ్మకం కనిపించలేదు, కానీ రాళ్ళ సందుల్లో చేతులు పెట్టకపోతే చాలు.

లోయలోకి మీరు దిగక్కర్లేదు. పైన కమ్మీలు కట్టిన చోటు ఉంది, నీడ ఉంది, బెంచీలు ఉన్నాయి. అక్కణ్ణుంచే అంతా కనిపిస్తుంది. కింద ఇరుకు లోయలోకి అమ్మాయి, మీ చెల్లెలు వెళ్తారు. దాని గోడలు రెండు చేతులు చాస్తే తగిలేంత దగ్గరగా ఉంటాయట. ఎక్కడో కంటికి కనపడనంత దూరంలో వాన పడినా నీళ్ళు ఒక్కసారిగా అందులోకి వచ్చేస్తాయట. అందుకని పొద్దున్నే కాపలావాళ్ళు వెళ్ళొచ్చని చెప్తేనే లోపలికి. వద్దంటే వద్దే. అమ్మాయి దగ్గర ఈ మాట తీసుకున్నాను. రోజూ కేకులు ఒరగకుండా చేరవేసేదాన్ని, మిమ్మల్ని ఒరగనిస్తానా అంది. మాటిచ్చిందో కాదో సరిగ్గా తెలియలేదు కాబట్టి మళ్ళీ అడిగి ఇప్పించుకున్నాను.

దుమ్ము గురించి డాక్టరమ్మని అడిగాను. తడిగుడ్డ మెడకి చుట్టుకుని, నీళ్ళు తాగుతూ ఉంటే చాలంది. నీళ్ళ డబ్బాలు డిక్కీ నిండా పెట్టాను. మీరు మీ ఇంటి నుంచి నీళ్ళు తేకండి. ఊరగాయలు, దుప్పట్లు, ఇస్త్రీపెట్టె కూడా తేకండి. మొన్న ఆసుపత్రికి ఇస్త్రీపెట్టె తెచ్చారు, అందుకని రాస్తున్నాను.

ఇప్పుడు గురువారం సంగతి.

భోజనాలయ్యాక బల్ల తుడిచి మ్యాపు పరిచాం. దారి వరస నేను ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను. ఇంటి నుంచి గాలిమరల కూడలి, అక్కణ్ణుంచి మీ ఊరు సున్నపు బట్టీలు, తర్వాత రెండు బావులు, ఎర్రరాతి మెట్ట, ఇరుకు లోయ. చదివి వినిపించు నాన్నా, అమ్మ కూడా వింటుంది అంది అమ్మాయి. లేచి నిలబడి చదివాను. కొత్త కళ్ళజోడు నాకింకా అలవాటు కాలేదు. గాలిమరల కూడలి అయ్యాక రెండు బావులు అనేశాను. అక్కణ్ణుంచి మెట్ట, ఆపైన లోయ. చివర్న సున్నపు బట్టీలు.

అంటే ఏమిటి నాన్నా, పెద్దమ్మకి తిరిగొచ్చేటప్పుడు ఫోటోలు చూపించి పోతామా అని అమ్మాయి నవ్వి, ఇంకా ఏదో అనబోయింది. బల్ల కింద కాలికేదో తగిలింది కాబోలు, అబ్బా అని ఊరుకుంది. మీ చెల్లెలు చెంచాతో రెండుసార్లు కొట్టింది. ఏది కాదు అని అడిగాను. మళ్ళీ కొట్టింది. సరే, ఉండు, మొదటి నుంచి చదువుతాను అని మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి ఇంకా తికమక పడ్డాను. లోయ మెట్టకంటే ముందొచ్చింది, సున్నపు బట్టీలు అసలు రానే లేదు. చెంచా ఆగకుండా మోగింది. ఆ చప్పుడులో ఏం చెప్తున్నావో తెలియట్లేదు, మూడోసారి చదువుతానుండు అన్నాను. గాలిమరల కూడలి, రెండు బావులు అని మొదలుపెట్టాను.

అప్పుడు మాట్లాడింది. ఏమందో అలాగే రాస్తున్నాను. ముందు సున్నపు బట్టీలు, తర్వాతే రెండు బావులు, మా అక్కని ఎక్కించుకోకుండా మీరెక్కడికి పోతారు అంది.

నేను సరే అన్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, కూర్చున్నాను. కుర్చీ వెనక్కి లాగి ఉందో లేదో కూడా చూడకుండా కూర్చున్నాను, ఉంది కాబట్టి సరిపోయింది. అమ్మాయి వాళ్ళమ్మని పట్టుకుని ఏడుస్తుంటే, మీ చెల్లెలు దాని వీపు తట్టి, నువ్వు కూడా వినలేదుటే, డ్రైవరువి నువ్వు, దారి నీకు తెలియదా అని చీవాట్లు పెట్టింది. మూడు వారాలుగా తిట్టమని బతిమాలింది కదా, దొరికాయి.

గొంతు పాతది కాదు వదినా. అది మీకు ముందే చెప్పాలి, శుక్రవారం మీరు విని మొహం మార్చకుండా. కాస్త లోతుగా, కాస్త గరుకుగా ఉంది. బాగా వాడిన తోలు సీటు మీద కూర్చుంటే వచ్చే చప్పుడులా ఉంటుంది. అలాంటి సీటు మెత్తగా ఉంటుందని ఈ పనిలో ఉన్నవాళ్ళకి తెలుసు. మర్నాడు డాక్టరమ్మ విని, ఇంకొంచెం తేటపడుతుంది, కానీ ఇదే ఇక నీ గొంతు అని చెప్పేసింది. మధ్యమధ్య విశ్రాంతి ఇచ్చుకుంటూ మైకు పని చేసుకోవచ్చంది. మీ చెల్లెలు అది విని, బయటికొచ్చాక, కమలాలు కొందామా అంది. కొన్నాం. అవి కూడా డిక్కీలో ఉన్నాయి.

నిన్న నేను బస్టాండుకి వెళ్ళి పెద్దాఫీసరుకి చెప్పాను. గొంతు మారిందని కూడా చెప్పాను. ఆయన, అనుకున్నట్టే మార్చి మొదటి సోమవారం రమ్మనండి, మైకులో విందాం అన్నాడు. పక్కనే ఉన్న గుమాస్తా, లోతు గొంతే ఇంజన్ల మోతలో బాగా వినపడుతుంది సార్, నాకు తెలుసు సార్ అని ఒకటే చెప్పాడు. ఆ కుర్చీ వదిలించుకోవాలని ఆయన ఆత్రం ఆయనది. సోమవారం ఏమవుతుందో నాకు తెలియదు. యంత్రమే పెట్టుకుంటే పెట్టుకుంటారు. కానీ మాట్లాడటానికి భయపడి మాట్లాడని మనిషి ఇంట్లో లేదు ఇప్పుడు. నాకు ఈ వారానికి అది చాలు.

శుక్రవారం పొద్దున ఏడింటికి మీ గుమ్మంలో ఉంటాం. పాత చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. టోపీ లేదన్నారు, నా దగ్గర ముక్కలు మిగిలితే ఒకటి కుట్టాను. సీటుకి, టోపీకి ఒకటే గుడ్డ. అమ్మాయి నవ్వుతోంది, మీరు నవ్వకండి.

ఒక్కటే కోరిక. తనని చూడగానే ఏదీ మాట్లాడు, ఏదీ మళ్ళీ అను అని అడగకండి. మీరే మాట్లాడుతూ ఉండండి. ఆ లోటు మా ఇంట్లో చాలా రోజులుగా ఉంది. కారులో మీ మాటలు వింటూ కూర్చోవాలని నాకూ ఉంది, ఈ మాట నేను ఎదురుగా చెప్పను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

రాయాల్సినవన్నీ రాసేశాను. మేడమీది కుక్క సంగతి శుక్రవారం కారులో చెప్పండి.

ఇట్లు,
మీ మరిది.

తా.క. సోమవారం పొద్దున.

అక్కా, ఇది నేను. ఉత్తరం కవరులో పెట్టి, అంటించి పోస్టు చేయమని నా చేతికిచ్చి మీ మరిది షాపుకెళ్ళారు. చదవకుండా అంటిస్తాననుకున్నారు కాబోలు. మొన్నటిదాకా మాట లేక చెంచా పట్టుకున్నాను, ఇప్పుడు మాట ఉండి కూడా రాస్తున్నాను. ఇది ఫోన్లో చెప్తే అమ్మాయి విని ఆయన చెవిన వేస్తుంది.

కళ్ళజోడు మీద నెట్టేశారు చూశావా. ఆ అద్దాలు ఆయనకి ఎప్పుడో అలవాటైపోయాయి. వాటితోనే రోజూ సన్న సూదిలో దారం ఎక్కిస్తారు. ఆయన కావాలనే తప్పు చదివారు అక్కా. మొదటిసారి నేను కూడా పొరపాటే అనుకున్నాను. రెండోసారి చదివేటప్పుడు చూశాను, ఆయన కాగితం వైపు చూడట్లేదు, నా మొహం వైపు చూస్తున్నారు. చెవులు రెండూ ఎర్రబడిపోయాయి. అమ్మాయి కాలికి ఏదో తగిలిందని రాశారుగా, అదేమీ కాదు, ఆయన తొక్కారు. అది ఇప్పటికీ కుంటుతూ, నాన్నకి ఏమైందమ్మా అని నన్నడుగుతోంది.

నీకొకటి చెప్పాలి. నేను అంతకుముందే ఒకసారి మాట్లాడి చూసుకున్నాను. స్నానాల గదిలో కుళాయి తిప్పి, ప్లాట్‌ఫారం అన్నాను. ఎవరో పరాయిదాని గొంతు వచ్చింది. గబుక్కున నోరు మూసుకున్నాను. ఇక ఎవరికీ వినిపించకూడదని, వచ్చే సోమవారం వెళ్ళి ఉద్యోగం వద్దని రాసిచ్చి వచ్చేయాలని అనుకున్నాను. లోయకి ఒప్పుకున్నది కూడా, ఆ తర్వాత ఎలాగూ ఎక్కడికీ పోబుద్ధి కాదని.

ఆ సాయంత్రం ఆయన మూడోసారి లేచి నిలబడ్డారు. ఒక్క కుట్టు కూడా వంకర పోనివ్వని మనిషి, ముక్కలు ముక్కలుగా తప్పులు చదువుతూ, చెమటలు కక్కుతూ, నేను ఊరుకుంటే తెల్లారేదాకా అలాగే చదివేటట్టున్నారు. నోరు తెరిచి మాట్లాడవే అని ఒక్క మాట అనలేక ఇంత పని పెట్టుకున్నారు. ఆయనకి అబద్ధం ఆడటం రాదక్కా. ఆ అవస్థ చూడలేకపోయాను. నా గొంతు ఎలా వస్తుందో అన్న సంగతే మరచిపోయాను. వరస తప్పిందని కాదు, ఆయన్ని కూర్చోబెడదామని మాట్లాడాను.

నేను మోసపోయానని ఆయన అనుకుంటున్నారు. గురువారం నుంచి ఈల వేసుకుంటూ తిరుగుతున్నారు, ఈల ఆయనకి వచ్చని నాకింతవరకూ తెలియదు. నువ్వేమీ తెలియనట్టుండు. శుక్రవారం కారులో ఆయన దారి కాగితం తీసి మళ్ళీ ఏదైనా తప్పు చదివితే, నువ్వు దిద్దకు. నేను దిద్దుతాను.